రెండు గంగారాలు

మా రాజలింగం సారు వాళ్ళ ఊరికి వెబ్‌సైటువాళ్ళు జిల్లా పేరు తగిలించలేదు. జరిగిన తప్పు ఇదే. పాత తపాలా ఉద్యోగుల జ్ఞాపకంగా మా సంఘం పెట్టిన వెబ్‌సైటులో ఊళ్ళ జాబితా తెరిస్తే గంగారం, దాని కింద మళ్ళీ గంగారం. ఒకటి మహబూబాబాద్ జిల్లాది, ఒకటి భూపాలపల్లి జిల్లాది. ఏది ఏదో చెప్పే మాట ఎక్కడా లేదు.

ఒకరోజు జనగామ ఎండలో, కాలుతున్న ఫోను అరచేతిలో పెట్టుకుని చూశాను. ముద్రలు కొట్టి కొట్టి అరిగిన నా వేలిని ఆ అద్దం ఒక పట్టాన గుర్తుపట్టదు. పై గంగారం నొక్కితే ఎవరెవరో ముఖాలు. మా సారు కింది గంగారంలో ఉన్నారు.

సారు కూతురు సరోజన నెల్లికుదురులో ఉంటుంది. సారు గురించి నేను రాశాననీ, ఫొటో కూడా పెట్టించాననీ ఎంతో గొప్పగా చెప్పాను. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫొటో ఏనాడో వానకు తడిసి పాడైంది. మనుమలను చుట్టూ కూర్చోబెట్టుకుని వెతికిందట. వెంటనే ఫోను చేసింది. "మల్లేశమన్నా, పొద్దటి సంది చూస్తున్న. గంగారంల అందరున్నరు, మా బాపే లేడు. రాసిన అంటివి గద? పిల్లల ముందట నా ఇజ్జత్ పాయె." రెండో గంగారం నొక్కమని చెప్పేలోపే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. జనగామ పోస్టాఫీసులో సంచులు మోసే పనికి కుదిరాక, కార్డుల మీది చిరునామాలు చూపించి సారే అక్షరాలు దిద్దించారు. నేను మొదట చదివినవి ఊళ్ళ పేర్లు. రేగొండ, నెల్లికుదురు అని కూడబలుక్కుని కార్డులను బల్ల మీది ఆయా ఊళ్ళ గళ్ళలో వేసేవాణ్ణి. ఒకసారి ఒక కార్డు మీద లచ్చవ్వకు, గంగారం అని మాత్రమే ఉంది. గంగారం అంటే సారు సొంత ఊరు. ఇంకేముంది, మానుకోట గడిలో వేసేశాను. మహబూబాబాదును మేం మానుకోటే అంటాం. నెల తిరిగాక ఆ కార్డు లచ్చవ్వ అనేవాళ్ళెవరూ లేరన్న రాతతో వెనక్కి వచ్చింది.

సారు తిట్టలేదు. కార్డు జేబులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కార్డు పంపినామె ఇల్లు వెతుక్కుంటూ నడిచారు. ఆమె ముసలిది. దవాఖానలో పడ్డాననీ, ఒకసారి వచ్చి చూసిపొమ్మనీ బిడ్డ లచ్చవ్వకు రాయించింది. బిడ్డ రాలేదని నెలంతా కుమిలింది. ఏ గంగారం అవ్వా అని సారు అడిగితే ఆమె ఎగాదిగా చూసింది.

"ఎన్ని గంగారాలున్నయి బిడ్డా? నాకు ఒక్కటే ఎరుక."

తిరిగి వస్తున్నప్పుడు సారు ఆ కార్డు మళ్ళీ తీసి చూసుకున్నారు. అప్పుడు అన్నారు: "ఆమెకు ఒక్కటే ఎరుకుంటె తప్పు లేదు, మల్లేశం. మనకు రెండు ఎరుకుండాలె. గందుకే మనల్ని గీడ కూసోబెట్టిండ్రు."

ఆమె చెప్పిన దారి గుర్తులను బట్టి ఏ గంగారమో తేల్చుకుని, ఆ కార్డు మీద జిల్లా పేరు తానే రాసి, ఆ సాయంత్రం సంచిలోనే పంపించారు. ఆ తర్వాత నేను ఏ ఊరి పేరునూ జిల్లా లేకుండా ఒంటరిగా చదవలేదు.

వెబ్‌సైటు సంగతి కూడా అలాగే ఒక్కొక్క ముక్కా చదివి తెలుసుకున్నాను. వాళ్ళ పద్ధతిలో జిల్లా తల్లి, ఊరు పిల్ల. లోపల తల్లీపిల్లలను సరిగానే కలిపి ఉంచారు. పైకి చూపించే అచ్చు, వాళ్ళ మాటలో టెంప్లేటు, మాత్రం పిల్ల పేరు రాసి తల్లి పేరు వదిలేస్తోంది. ఇదే వెబ్‌సైటువాళ్ళకు రాసి పంపాను. తమకు బాగానే కనిపిస్తోందని మొదటి జవాబు. రెండు గంగారాలూ ఉన్నాయి కదా, ఒకదాంట్లో లేకపోతే రెండోది నొక్కి చూడమని రెండో జవాబు. నాకు ఒళ్ళు మండింది. ఉత్తరం ఒక ఊళ్ళో అందకపోతే ఇంకో ఊరికి పంపి చూద్దామని మా సారు ఒక్కనాడైనా అనుకుని ఉంటే ఉత్తరాలు వేరుచేసే ఆ బల్ల దగ్గర ఒక్కరోజు కూడా కూర్చునేవారు కాదు.

నిజానికి అలసిపోయాను. పెద్ద అన్యాయాలకే గొంతెత్తే ఓపిక లేని వయసు. ఒక జిల్లా పేరు కోసం ఇంత రభస ఎందుకని ఇంట్లోవాళ్ళూ అన్నారు. అయినా ఇంకో ఉత్తరం, ఈసారి కాగితం మీద, లచ్చవ్వ కార్డు సంగతంతా రాసి, సరోజన నంబరు కింద వేసి పోస్టు చేశాను. చాలా రోజులకు, ఆ వెబ్‌సైటు చూసుకునే అమ్మాయి దగ్గరనుంచి ఈ జవాబు వచ్చింది:

"అయ్యా, టెంప్లేటు మార్చాను. ఇప్పుడు ప్రతి ఊరికీ ముందు దాని జిల్లా కనిపిస్తుంది. ఇన్నాళ్ళలో ఇది అడిగింది మీరొక్కరే. సరోజనమ్మ గారికి నేనే ఫోను చేసి, మహబూబాబాద్ కింద గంగారం తెరిపించాను. ఆమె మనుమలందరినీ పిలిచి చూపించారు. తర్వాత, 'మా బాపు అప్పట్ల గింత బక్కగ ఉండెనా? మల్లేశమన్ననడిగి చెప్పు బిడ్డా' అన్నారు."