గడపలు కాదు, పొయ్యిలు

మొన్న పొద్దున మల్కాజ్‌గిరిలో బస్సెక్కుతుంటే ఫోనొచ్చింది. మా సూపర్వైజర్ మేడం పోయారట. మెట్టుగూడలో వాళ్లింటికి చేరేదాకా నమ్మలేదు నేను. చేతిలో పని సగంలో వదిలేసి పోయే మనిషి కాదు మరి!

ఇంటింటి సర్వే కోసం ఆవిడ కింద పల్లెలు తిరిగాను. సికింద్రాబాద్‌లో తెల్లారగానే బస్సు. సీట్లో కూర్చోగానే చెప్పులు విప్పి, కాళ్లు పైకి మడుచుకుని, ఎర్ర పెన్నుతో మా ఫారాలు దిద్దేవారు. ఇంట్లో ఎందరు, ఏం పని చేస్తారు, గోడలు మట్టివా ఇటుకవా, పైన రేకులా పెంకులా, నీళ్లెక్కడివి, అన్నీ అడగాలి. అన్నిటికన్నా ముందు ఆవిడ మాట ఒకటి ఉండేది: "గడపలు లెక్కవెట్టకు బిడ్డా, పొయ్యిలు లెక్కవెట్టు." ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. వినీ వినీ నాకు విసుగొచ్చేది.

చివరిరోజు సాయంత్రం ఐదింటికల్లా ఫారాలు మండల ఆఫీసులో ఇచ్చేయాలి. సర్కారు ఇచ్చే కొత్త ఇళ్ల జాబితా వాటిని బట్టే తయారవుతుంది. మూడింటికి ఆ ఆఫీసు వరండాలో, నా ఫారం ఒకదాని దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. అన్న, అతని భార్యాపిల్లలు, చనిపోయిన తమ్ముడి భార్య, ఆమె కూతురు. అందరినీ ఒకే కుటుంబంగా రాశాను.

"ఈ చిన్నకోడలి పొయ్యి ఏడుంది?"

"అందరిది ఒక్కటేనట మేడం. ఆమె బావ చెప్పిండు."

"నువ్వు చూసినవా?"

ఎండకు ఓర్చలేక గడప దగ్గరే నిలబడి రాసుకొచ్చాను, సిగ్గులేకుండా.

"ఆయన కుటుంబంల కలిపేస్తే ఆమెకు ఇల్లెట్లొస్తది? లే, ఆటో పిలువు."

దారంతా ఆవిడ మిగతా ఫారాలు దిద్దుతూనే ఉన్నారు. తిట్టినా బాగుండేది.

బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మాదంత ఒక్కటే కుటుంబం. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మంచిది తమ్మీ," అంటూనే ఆవిడ పక్క సందులోంచి పెరట్లోకి నడిచారు. కొట్టం వెనక మూడు రాళ్ల పొయ్యి. దాని ముందు కూర్చుని ఆ చిన్నకోడలు బూడిద తీస్తోంది. బావ మా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. వేరే వండుకుంటున్నావా అని అడిగితే, ఆయన ముందు కాదనేస్తుందేమోనని భయపడ్డాను. మేడం అది అడగనేలేదు.

"ఇయ్యాల ఏం కూరొండినవ్ బిడ్డా?"

"గోంగూర."

ఆవిడ వెనక్కి తిరిగారు. "మీ ఇంట్ల ఏం కూర తమ్మీ?"

"కోడికూర," అనేసి అతను నాలుక కరుచుకున్నాడు.

"రెండు కూరలైతే రెండు కుటుంబాలే," అన్నారు నాతో. "కొత్త ఫారం తియ్యి."

అప్పటికే నాలుగున్నర. ఇంటి యజమాని పేరడిగితే ఆమె బావ పేరు చెప్పింది. కాదంటే, చనిపోయిన మొగుడి పేరు చెప్పింది.

"నీ పేరు చెప్పు," అన్నారు మేడం.

పెదాలు కదిలాయి గానీ వినబడలేదు. బావ చూపు తిప్పడం లేదు.

"జెర గట్టిగ చెప్పు బిడ్డా. ఈ పొయ్యి నీది."

"మల్లవ్వ!" వాడకట్టంతా వినబడేలా అరిచింది.

ఆఫీసు మూసేలోపే ఫారం ఇచ్చేశాం. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ నేను పెరడు చూడకుండా కాగితం రాయలేదు. అది ఆవిడ పెట్టిన భిక్ష.

మెట్టుగూడలో మేడం కాళ్ల దగ్గర దండం పెడుతుంటే ఏడుపు ఆగలేదు నాకు. కళ్లు మూసుకుంటే ఆ పెరడే కనిపించింది. తన గొంతుకు తనే బెదిరిపోయి, బూడిద చేత్తో నోరు మూసుకుని, ఆ వేళ్ల వెనక నవ్వుతున్న మల్లవ్వ.