ఎడమచేతి ముడి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై రెండేళ్ళు సూరత్‌లో పవర్‌లూమ్ నడిపినవాణ్ణి. మా షెడ్డులోకి దయ్యం వచ్చినా ఆ మోతలో అది ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. గొంతు పోగొట్టుకుని అదే వెనక్కి పోతుంది. ఇట్లాంటి మాటలతోనే అందరినీ నవ్విస్తూ బతికాను. ఐదో తరగతిలో నేను బడిని వదల్లేదు, బడే నన్ను వదిలేసిందని కూడా చెప్పుకునేవాణ్ణి. అందుకే ఇది నవ్వించడానికి రాయలేదని ముందే చెప్తున్నాను.

కరోనా మొదటి ఏడాది. మేముండే పేట లింబాయత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఆ సందుల్లో బతికినవాళ్ళకే తెలుస్తుంది ఆ నిశ్శబ్దం ఎంత బరువో. మోతకు అలవాటుపడిన చెవులు ఖాళీగా ఉండలేక వాటంతట అవే గుయ్యిమని మోగుతుండేవి. మా గదిలో ఆరుగురం. నలుగురు బండి దొరకగానే ఊరికి పోయారు. నాకు పోవడానికి ఎవరూ లేరు. మా ఆవిడ పోయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. రాజమల్లుకు భార్య ఉంది, ఇల్లుంది. కూలీలను ఊళ్ళకు చేర్చే రైలుకు పేరు కూడా రాయించుకున్నాడు. తెల్లారి పేరు కొట్టేయించుకుని వచ్చి నా పక్కనే మళ్ళీ చాప పరిచాడు.

"నువ్వొక్కనివే ఉంటే నీ జోకులు ఎవడింటడురా, గోడలా?" అన్నాడు.

రాజమల్లుది నా పక్క మగ్గం. వాడు ఎడమచేతివాడు. నేతపనిలో అది దాచినా దాగదు. పోగు తెగితే మేం వేసే ముడి నువ్వుగింజంత ఉంటుంది, దాని కొసలు రెండు దిక్కులకు చూస్తాయి. మా అందరి ముడీ ఒక తీరుగా పడితే, వాడిది అద్దంలో చూసినట్టు తిరగబడి పడేది. కళ్ళు మూసుకుని గుడ్డను వేలితో తడిమి, ఇది రాజమల్లు నేసిందని చెప్పేవాణ్ణి. వాడికి 'ఉల్టా మల్లు' అని పేరు పెట్టింది నేనే. షెడ్డంతా అదే పేరుతో పిలిచింది.

ఎండలు ముదిరాక వాడికి జ్వరం తగిలింది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. అంబులెన్సులో నన్ను ఎక్కనివ్వలేదు. సందు మొగదల నిలబడి, "జల్ది రా ఉల్టా, నీ మగ్గం మీద నా చెయ్యి తిరగది" అన్నాను. వాడు మాస్కు కింద నవ్వాడో లేదో తెలియదు. మా మధ్య అదే ఆఖరు మాట.

ఆరో రోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. సంచిలో చుట్టి వాళ్ళే తీసుకుపోయారు, వాళ్ళే కాల్చేశారు. ఏ శ్మశానమని అడిగితే ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో మాట చెప్పారు. బూడిద అడిగితే, ఏది ఎవరిదో చెప్పలేమన్నారు.

వాడి భార్య లచ్చవ్వ ఊరి నుంచి రోజూ ఫోన్ చేసేది. ఏడ్చేది కాదు. ఒక్కటే అడిగేది.

"అన్నా, ఆయనను ఏడ వెట్టిండ్రు?"

రావడానికి ఆమెకు రైళ్ళు లేవు, చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నా కోసమే వాడు ఆగిపోయాడని ఆమెకు తెలుసు. ఆ మాట ఒక్కనాడూ అనలేదు. అంటే బాగుండేది.

వానలు మొదలయ్యాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఒకప్పుడు మగ్గంలో నా వేలు నలిగితే ఇక్కడి ఆసుపత్రిలో కుట్లు వేసిన తెలుగావిడ. కుట్టు కుట్టుకూ జోకు చెప్పిన పేషెంటునని నన్ను గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు ఐర్లండులో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. అక్కడ తొంభై దాటిన ముసలావిడ ఒకామె ఉందట. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదు. రానిచ్చినా వచ్చేవాళ్ళు లేరు. ఆ వంశంలో ఆమే ఆఖరు.

రెండొందల ఏళ్ళ కిందట వాళ్ళ ఇంటివాడు ఒకడు ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డాడట. నేతగాడు, మగ్గం వదిలిపెట్టి బల్లెం పట్టాడు. దొరికిపోయాక ఉరి కావాలా, మా సైన్యంలో సిపాయిగా ఇండియా పోతావా అని అడిగారట. ఎవరి మీద తిరగబడ్డాడో వాళ్ళ కోటే తొడుక్కుని సముద్రం దాటాడు. సూరత్ నుంచి ఒకే ఒక ఉత్తరం వచ్చింది. అంతే. తరవాత వాళ్ళ ఊళ్ళో తిరగబడ్డవాళ్ళ పేర్లన్నీ రాతి మీద చెక్కించారు గానీ, ఇంగ్లీషు కోటులో చచ్చినవాడని ఈయన పేరు వదిలేశారు.

"సత్తయ్యగారూ, ఆవిడకి కావాల్సింది ఒక్కటేనండీ" అంది డాక్టరమ్మ. "ఆయన్ని ఎక్కడ పెట్టారో కాస్త కనుక్కుంటారా?"

అదే ప్రశ్న. భాష ఒక్కటే మారింది.

సూరత్‌లో ఇంగ్లీషువాళ్ళ పాత సమాధుల తోట ఉంది. గుమ్మటాలు, స్తంభాలు, వాటి కింద పెద్ద పెద్ద దొరలు. కాపలా ఉండే గుజరాతీ ముసలాయన తాళం తీస్తూ, మార్చి నుంచి ఇటు ఎవరూ రాలేదు, నువ్వే మొదటివాడివన్నాడు. ఎవరు కావాలని హిందీలో అడిగాడు.

"నాలాంటి నేతగాడే కాకా. జర తెల్లగుంటడు" అని హిందీలోనే చెప్పాను. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాజమల్లు పోయాక నా మాటకు ఒక మనిషి నవ్వడం అదే మొదటిసారి.

మూడు రోజులు పొద్దున్నే పోయి ఎండెక్కేదాకా వెతికాను. అక్షరాలున్న రాళ్ళన్నీ ఫోటో తీసి పంపాను. ఏదీ ఆయనది కాదు. మామూలు సిపాయికి రాయి ఎవరు వేస్తారు? మూడో రోజు డాక్టరమ్మ, ఆవిడకి జ్వరం మొదలైంది, టైం లేదని చెప్పింది.

అప్పుడు చేయకూడని పని చేశాను. గోడ పక్కన గడ్డిలో అక్షరం లేని నల్లరాయి ఒకటి ఉంది. మోకాలెత్తు, ఒక మూల విరిగింది. సీసాలోని నీళ్ళు పోసి కడిగాను, చేత్తో నాచు గీకాను, ఫోటో తీసి ఇదేనని పంపాను. కాపలాదారు చూపించాడని ఇంకో అబద్ధం అతికించాను. లచ్చవ్వకు ఇవ్వలేని జవాబు ఒక్కరికైనా ఇద్దామనిపించింది.

మర్నాడు డాక్టరమ్మ ఫోన్.

"ఆవిడ చాలాసేపు ఏడ్చారండీ. ఆ దారం చూడగానే నమ్మేశారు."

"ఏ దారమమ్మా?"

"రాయికి కట్టుందిగా. మీరే కట్టారనుకున్నాను."

ముసలావిడ చిన్నతనంలో బట్టల మిల్లులో పనిచేసిందట. ఫోటో పెద్దది చేయించుకుని చూసి, ఇది ఎడమచేతి ముడి అందట. ఆ సిపాయి ఎడమచేతివాడు. ముడి తిరగబడిందని చిన్నప్పుడు పనిచోట చేతి మీద దెబ్బలు తినేవాడని వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకునే మాట. ఆ సంగతి డాక్టరమ్మకు కూడా అప్పుడే తెలిసింది.

ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి చూశాను. విరిగిన మూలకు తెల్లదారం చుట్టి ఉంది. ఆ మూలను నా చేతులతో కడిగాను. వేలికి పోగు తగిలితే తెలియని నేతగాడు ఉండడు. ఫోటోను ఇంకా పెద్దది చేశాను. కొసలు తిరగబడి ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం మళ్ళీ పోయాను. దారం అక్కడే ఉంది. తాళం తన దగ్గరే ఉందని, నేను తప్ప ఎవరూ లోపలికి రాలేదని కాపలాదారు చెప్పాడు. కొస కాస్త తెంపి అగ్గిపుల్ల పెట్టాను. నూలైతే బూడిద అవుతుంది. ఇది కరిగి నల్లపూస అయింది. పాలియెస్టర్. అంటే రెండొందల ఏళ్ళ కిందటిది కాదు, మా షెడ్లలో తిరిగే దారమే. ఇన్ని వానలు పడుతున్నా మచ్చ లేదు. ఎవడో నేతగాడు గోడ దూకి వచ్చి కట్టాడనుకుందామంటే, ఆ ముడి వేసేవాణ్ణి నేను ఒక్కణ్ణే ఎరుగుదును.

భయం వేయలేదు. రాయి పక్కన కూర్చున్నాను. కాసేపటికి తెలిసింది, నెలల తరబడి చెవుల్లో మోగుతున్న గుయ్యి ఆగిపోయిందని.

ముసలావిడ ఆ వారమే పోయింది. ఫోటో దిండు పక్కనే ఉందట.

రైళ్ళు నడిచాక లచ్చవ్వ వచ్చింది. ఆసుపత్రి గేటు చూపించాను. ఇంకేం చూపించాలో తెలియలేదు. కాసేపు నీడన కూర్చోబెడదామని తోటకు తీసుకుపోయాను. రాయి గురించి గానీ దారం గురించి గానీ ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. తోటలో నీడలకేం తక్కువ లేదు. ఆమె మాత్రం గడ్డిలోంచి నడుచుకుంటూ గోడ పక్కకే పోయింది. వాడు సూరత్ రాకముందు, ఊళ్ళో చేమగ్గం నేసినన్నాళ్ళూ మగడికి కండెలు చుట్టిన మనిషి. వంగి ముడిని వేలితో తడిమింది.

"గిది ఆయన ఏసిందే గదన్నా" అంది. తరవాత చుట్టూ చూసి, "మంచి నీడకే వెట్టిండ్రు" అంది.

"ఔ చెల్లె" అన్నాను.

జేబులో దారం ఉందా అని అడిగింది. నేతగాడి జేబులో ఇంకేం ఉంటుంది? మగ్గం మీద బీమ్‌కు చుట్టిన పడుగు అయిపోయినా పాత పోగులు పూర్తిగా తీసేయం. వాటి కొసలకే కొత్త పోగులు ముడేస్తాం. అట్లాగే ఆ కొసకు నా దారం ముడేశాను. వాడిది ఉల్టా, నాది సీదా.

ఒకే ముడి. ఐర్లండులో ఒకామె మా ఇంటివాడిదంది, ఇక్కడ ఒకామె నా మగడిదంది. ఆ రాయిని నేను ఊరికే ఏరుకున్నానని ఇద్దరికీ చెప్పలేదు. వాళ్ళిద్దరిలో ఎవరు పొరబడ్డారో, అబద్ధం చెప్పాననుకున్న నేనే పొరబడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సెలవు రోజుల్లో పోయి వస్తుంటాను. పాలియెస్టర్ జారుడు దారం, ముడి ఎక్కువకాలం నిలవదు. నాది ఇప్పటికి రెండుసార్లు ఊడిపోతే మళ్ళీ వేశాను. పక్కనున్నది ఊడలేదు.