ఈ పూటకు ఒక చుట్టు

నా చిన్నప్పుడు, నా కాలిని చూసుకుంటే నాకే వాంతి వచ్చేది. చీలమండ పక్కన బొబ్బ లేచి పగిలి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టింది. నారి కురుపు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు, దేవునికి స్తోత్రం.

నిజాం పాలన పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులవి. లక్సెట్టిపేటకు ఇవతల మా ఊళ్ళో, మా వాడంతటికీ ఒక్కటే దిగుడు బావి. కురుపు కాళ్ళతోనే మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవలు ముంచేవారు. చీము కడిగిన ఆ నీళ్ళనే ఇంటికి తెచ్చుకుని తాగేవాళ్ళం. పురుగు వాటితోనే లోపలికి పోయి, ఏడాదికి ఒళ్ళు చీల్చుకుని వచ్చేది. తలుచుకుంటే ఈ వయసులో కూడా గొంతులో ఏదో కదిలినట్టుంటుంది.

ఆ పురుగును లాగకూడదు. లాగితే తెగుతుంది, తెగిన ముక్క లోపలే కుళ్ళి కాలు తీస్తుంది. పక్కింటి మామ అలా తెంపుకునే కుంటివాడయ్యాడు. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, వచ్చినంత మేరకే రోజుకొక చుట్టు తిప్పి, గుడ్డ కట్టాలి. మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. పొద్దున్నే నన్ను వాకిట్లో రాయి మీద కూర్చోబెట్టి, కాలి మీద నీళ్ళు పోసి, ముక్కు కూడా మూసుకోకుండా పుల్ల తిప్పేది.

నా ధ్యాసంతా లోపలున్న దాని మీదే. ఇంకా ఎంతుంది? ఇంకొకటి కూడా ఉందా? కంట్లోంచి వస్తే? అన్నం ముద్ద మింగుడు పడేది కాదు.

ఒక ఆదివారం ఆరాధనలో, చాప మీద నా పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుంది. "జర జరుగవే, కంపు కొడుతున్నవ్! నీ పురుగు సుత పాట పాడతదా?" అంది. పిల్లలంతా నవ్వారు. ఇంటికి రాగానే గుడ్డ విప్పి, పుల్ల పట్టుకుని లాగబోయాను. మేనత్త పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కుంటిదానివైతవా? ఇడిసిపెట్టు!"

"నాకు అసయ్యమైతుంది అత్తా. లోపల ఇంకెన్నున్నయో!" అని ఏడ్చాను.

"నాకు మాత్రం ఇది పూలదండనా? లోపలున్నది నువ్వు జూసినవా, నేను జూసిననా? తాగిన నీళ్ళు తాగినం, మళ్ళ కక్కుతమా? ఇయ్యాల్టి చుట్టు పొద్దుగాల్నే అయింది. ఇగ రేపటిదాక నీకు దానితోని పనిలేదు."

తన పాత చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. "కడవ మూతికి గట్టి అందరి నీళ్ళు నువ్వే వడగట్టు. అటెన్క ప్రార్థన జేసి పండు. ప్రార్థన జేసినంక సుత ఫికర్ పెట్టుకుంటే, అది దేవునికి అప్పజెప్పినట్టా, మళ్ళ గుంజుకున్నట్టా?"

వడగట్టిన గుడ్డ మీద సన్నటి నలుసులు మెదిలేవి. ఒళ్ళు జలదరించేది. అయినా దులిపి ఎండలో ఆరేసేదాన్ని. ఆ ఏడాది దాటాక మా ఇంట్లో ఎవరికీ కురుపు లేవలేదు. నా పురుగు తెగకుండా మొత్తం వచ్చిన రోజు మేనత్త దాన్ని పొయ్యిలో వేసింది. ఆ వాసనకు నేను గుమ్మంలోనే కక్కేశాను. "స్తోత్రం జెప్పమంటే కక్కుతవేందే!" అని ఆమె ఒకటే నవ్వు.

చింతపడవద్దన్న బైబిలు వాక్యం మీద సంఘంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో. అది నాకు అర్థమైంది మాత్రం ఆ చీము కాలితోనే. తర్వాత నా కొడుకు శ్రీరాంపూర్ బొగ్గు గనిలో దిగే రోజుల్లో, వాడు తిరిగొచ్చేదాకా చింత లోపల పాకుతూనే ఉండేది. పురుగంటే ఎంత రోతో, నాకు అదన్నా అంత రోత. వాడికి సద్ది కట్టిచ్చి, మోకరించి, లేచి నా పనిలో పడేదాన్ని. ఇప్పటికీ అంతే. ఈ పూటకు నా చేతిలో ఉన్న చుట్టు తిప్పుతాను. లోపల ఇంకా ఎంత పొడవుందో కొలవను.