డోరీన్ కాలివేళ్లు

సల్ఫైడ్ వీధిలో పుట్టి క్లోరైడ్ వీధిలో కాపురం చేసిన డోరీన్‌కు ఎనభై రెండేళ్లు. గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో వీధుల పేర్లన్నీ ఆ తీరే. నిలబడ్డా కూర్చున్నా కాలివేళ్లు ఆడిస్తూనే ఉంటుంది.

మొన్న పాదం బెణికి ఆసుపత్రికి వెళితే, ఎక్స్‌రే తీసే అమ్మాయి గోడచాటుకు తప్పుకుంది. "ఎందుకే దాక్కుంటావ్? మా చిన్నప్పుడు చెప్పుల కొట్లో సైజు చూడ్డానికి ఇలాంటి మిషనే ఉండేది. బడి వదలగానే నేనూ మా చెల్లీ చెరో కాలూ అందులో పెట్టి ఎముకలు చూసుకునేవాళ్లం, కొట్టాయన తరిమేదాకా!"

"అమ్మో, రోజూనా? సరే, కదలకండి బామ్మగారూ."

బొమ్మ మసగ్గా వచ్చింది. రెండోదీ అంతే.

"మళ్లీ వేళ్లు కదిపారా?"

"కదపకపోతే అవి నావో చెల్లివో ఎలా తెలుస్తుందే?"