ఈల వేసినాయన, పన్నెండు బస్తాల పసుపు

రోజూ పొద్దున కళాశాలకు వెళ్లే ముందు ఆనాటి పాఠాన్ని నా భార్య గంగామణికి చదివి వినిపించేవాణ్ని. ఇప్పుడు ఆ అలవాటు లేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

ఆర్మూర్‌లో నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. అధికారిలా కనిపించే మనిషి మాటను జనం ఎందుకు వింటారన్నది నాకు అత్యంత ఇష్టమైన పాఠం. అది నాకెంత వంటబట్టిందో నిరుడు మార్చిలో పసుపు మార్కెట్ మొత్తం చూసింది!

గంగామణి తొమ్మిది నెలలు కష్టపడి పండించిన పసుపు, పన్నెండు బస్తాలు, షెడ్డు కింద పెట్టుకొని వేలం కోసం కూర్చున్నాం. ఆకాశం మబ్బు పట్టింది. తడిస్తే రంగు పోతుంది. ఆమె శ్రమా పోతుంది. అప్పుడే ఖాకీ చొక్కా, మెడలో ఈల, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో ఒకాయన వచ్చాడు.

"షెడ్డు ఖాళీ చెయ్యాలె! బస్తాలన్నీ బయటికి! జల్ది!"

ఈల మోగింది. అందరికంటే ముందు లేచింది నేనే! మొదటి బస్తాను ఈడుస్తూ, "లైన్‌లో రండి, తోసుకోకండి" అని వెనకవాళ్లకు చెప్పాను కూడా. సారే ఈడుస్తుంటే రైతులు ఆగుతారా?

గంగామణి మాత్రం బస్తా మీది నుంచి కదల్లేదు.

"నువ్వెవరన్నా?"

"ఖాళీ చెయ్యమన్నరమ్మా."

"గది కాదు. నువ్వేం పని చేస్తవ్?"

ఆయన కాగితాల వంక చూసుకున్నాడు. "టెంట్‌హౌస్ అక్కా. రేపు గీడ సన్మానసభ ఉంది. కుర్చీలెయ్యాలె."

"రేపటి కుర్చీలకు గియ్యాల మా పసుపు తడవాల్నా?"

షెడ్డంతా నవ్వులు. ఒక ముసలి రైతు బస్తా కింద పడేసి, "గా సారు గుంజుతుండని మేం గుంజినం!" అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది. "గాయిన ఎవరో అడిగిండ్రా?"

"లేదు."

"మరెందుకు గుంజిండ్రు?"

"ఈల వేశాడు కదా..."

"లోపల పెట్టుండ్రి."

పెట్టాను. అందరూ పెట్టారు. ఆఖరి బస్తా లోపలికి చేరిందో లేదో, వాన దంచికొట్టింది. ఒక్క కొమ్ము తడవలేదు.

వేలంలో కొనుగోలుదారు, "రంగు మస్తుంది సార్, మీ పంట" అన్నాడు. "నాది కాదు, ఆమెది" అన్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంత గర్వంగా ఏ మాటా చెప్పలేదు.

రెండు రోజులకే ఆమె దవాఖానలో చేరింది. అందుకే వేలం రోజు సాయంత్రం నాకు బాగా గుర్తు. ఇంటికి వస్తే, పొద్దున దండెం మీద ఆరేసిన దుప్పటి తడిసి ముద్దయింది. చెరో కొసా పట్టుకొని పిండబోయాం. నీళ్లు రావడం లేదు. ఇద్దరం ఒకే వైపు తిప్పుతున్నాం!

"మీరు గటు తిప్పుండ్రి" అంది.

తిప్పాను. ఎందుకని అడగలేదు.