నినాదాల బాబాయి

పార్టీ ఆఫీసులో అందరికీ ఆయన నినాదాల బాబాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు, ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్ళకు నినాదాలు కట్టి, పలికించి, వాళ్ళతోపాటే ఎండలో కూర్చున్న మనిషి. పార్టీ గెలిచాక అరవాల్సిన పనే లేదు. అయినా పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మెడకు మఫ్లరు చుట్టుకోవడం మానలేదు.

నిన్న ఆ ఆడవాళ్ళే, ఆ ఖాళీ బిందెలతోనే ఆఫీసు ముందుకొచ్చారు. "బిందె నింపు, లేదా గద్దె దిగు!" కిటికీ దగ్గరున్న బాబాయి పెదాలు వాటంతటవే కదిలాయి. పిడికిలి సగం లేచింది.

"బాబాయ్, మీరు నేర్పిందే! కిందికి రండి!" అని ఒకావిడ కేకేసింది.

లేచిన చేత్తోనే కిటికీ మూసి, కుర్చీలో సర్దుకుని, టైపిస్టుతో అన్నాడు: "చూశావా అమ్మా, ప్రతిపక్షం వాళ్ళు ఎంత బాగా నేర్పి పంపారో!"