నాంపల్లిలో చదివిన మూడో అధ్యాయం

మా గైడుగారు మూడో అధ్యాయాన్ని మళ్లీ వెనక్కి ఇచ్చారు. "భాష బాగాలేదు, తిరగరాయమ్మా" అని, ఫోన్‌లో మాట్లాడుతూనే నా చేతిలో పెట్టారు. అబిడ్స్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చిన ప్రతి ఇచ్చినట్టే ఉంది. కొత్త కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. తెలుగు కథల్లో వలస మీద నా పీహెచ్‌డీ ఆ అధ్యాయం దగ్గరే ఆగిపోయి చాలా కాలమైంది.

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని ఆ పేజీలను విసురుగా తిప్పుతుంటే పక్కనున్న పెద్దావిడ అడిగింది.

"ఏంది బిడ్డా, గంత కోపమెందుకు?"

"ఇది నేను రాసిన. ఎవ్వరూ చదువుతలేరు."

"నాకు చదువు రాదు. నువ్వు చదువు, వింట. తాండూరు బండికి ఇంక టైమున్నది."

కసిగా మొదలుపెట్టాను. రెండో పేజీకే ఆమె తల గోడకు ఆనించి నిద్రపోయింది. ఈమె కూడానా అనిపించి ఆపేశాను. ఆమె వెంటనే కళ్లు తెరిచింది.

"ఎందుకాపినవ్? మా చెల్లెకు తోడుగ అఫ్జల్‌గంజ్ దవాఖానల ఉంటున్న. కంటికి నిద్రన్నదే లేదు. నీ మాట వింటుంటె పాణం నిమ్మలమైంది. జర చదువు బిడ్డా."

ఆపిన చోటు వెతుక్కుని, గొంతు తగ్గించి మళ్లీ చదివాను. ఫుట్‌నోట్లు కూడా వదల్లేదు. అధ్యాయం ముగిశాక బండి వచ్చిందని లేపితే, నా తల నిమిరి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ అధ్యాయాన్ని ఇంకా తిరగరాస్తూనే ఉన్నాను. మొదటి నుంచి చివరిదాకా దాన్ని ఎవరికైనా వినిపించానంటే, ఇప్పటికీ ఆమెకే.